బెంగళూరు నుంచి మైసూరు ఒక్కరోజులో: ప్యాకేజీ బస్సా, రైలా, క్యాబా?

బెంగళూరులో ఉండే తెలుగు ఇళ్ళలో ఏటా ఒకటి రెండుసార్లయినా వచ్చే చర్చ ఇది. ఊరి నుంచి అమ్మానాన్నలో, అత్తామామలో వస్తారు. మన చేతిలో ఉండేది ఒక్క శనివారం, ఒక్క ఆదివారం. "ఇంత దూరం వచ్చి మైసూరు ప్యాలెస్ చూడకుండా ఎలా పోతాం?" అంటారు. ఇక అక్కడి నుంచి మొదలు. ప్యాకేజీ బస్సులో సీట్లు బుక్ చేద్దామా, అందరికీ కలిపి క్యాబ్ మాట్లాడదామా, లేకపోతే రైలెక్కి అక్కడ ఆటో చూసుకుందామా?

ఆరేళ్ళలో ఐదుసార్లు నేను ఇలా పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చాను. రెండుసార్లు ప్యాకేజీ బస్సు, రెండుసార్లు క్యాబ్, ఒకసారి ఒంటరిగా రైలు, బస్సు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మైసూరు ఒక్కరోజు ప్రయాణంలో డబ్బు కన్నా గంటలు ముఖ్యం. ప్యాలెస్ లోపల కనీసం రెండు గంటలు ఉండగలగాలి, పక్కన విషయం తెలిసిన మనిషి ఉండాలి. ఈ రెండూ ఏ పద్ధతిలో కుదిరితే ఆ పద్ధతే మంచిది. ఎన్ని చోట్లు చూశామన్నది ఆ తర్వాతి మాట.

## ముందు ఏం చూసుకోవాలి

ప్యాలెస్ లోపల ఎంత సమయం? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. బ్రోచర్లో "మైసూరు ప్యాలెస్" అని ఉంటే చాలనుకుంటాం. గేటు దగ్గర దించి "ముప్పావు గంటలో బస్సు దగ్గరికి వచ్చేయండి" అన్నప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. చెప్పుల స్టాండు, టికెట్ లైను, సెక్యూరిటీ చెకింగ్ కలిపి సెలవురోజుల్లో అరగంట పోతుంది. మిగిలిన పావుగంటలో జనం తోసినట్టు నడిచి బయటికొచ్చేస్తాం.

అది ఎంత నష్టమో చెప్పాలంటే ప్యాలెస్ గురించి కాస్త చెప్పాలి. ఇప్పుడు మనం చూసే అంబా విలాస్ ప్యాలెస్ మరీ పాతది కాదు. 1897లో రాజకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్ళి సమయంలో నిప్పంటుకుని పాత చెక్క ప్యాలెస్ కాలిపోయింది. అప్పటికి మైసూరు రాజు నాలుగో కృష్ణరాజ ఒడెయరు ఇంకా చిన్నవాడు. ఆయన తరఫున తల్లి కెంపనంజమ్మణ్ణి రాజ్యం చూస్తున్నారు. కొత్త ప్యాలెస్ పనిని ఆమె హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టుకు అప్పజెప్పారు. 1912కి పూర్తయింది. ఖర్చు 41 లక్షల పైచిలుకు.

ఈ కథ తెలిశాక కల్యాణ మంటపంలోకి వెళ్ళండి. అక్కడున్నవి పోత ఇనుప స్తంభాలు, గ్లాస్గోలో చేయించి తెప్పించినవి. ఒకసారి నిప్పుకు ఆహుతైన ఇల్లు మళ్ళీ చెక్క స్తంభాలను నమ్ముకోలేదు. ఎనిమిది కోణాల ఆ మంటపం మధ్యలో నిలబడి తల పైకెత్తితే రంగు గాజులో నెమళ్ళు. తల దించితే నేల టైల్స్‌లోనూ అవే నెమలి రంగులు. చుట్టూ గోడల మీద దసరా ఊరేగింపు బొమ్మలు, మొత్తం 26 పెద్ద పటాలు, నిజమైన ఫొటోలు చూసి గీసినవి. ఒక్కో పటం దాటుతూ నడుస్తుంటే ఊరేగింపు మనతోపాటు కదులుతున్నట్టు ఉంటుంది. మా అమ్మ అక్కడే ఇరవై నిమిషాలు ఉండిపోయింది. తలపాగా చూసి ఎవరిది ఏ కొలువో గైడ్ చెబుతుంటే, "ఈ గుర్రం పట్టుకున్నాయన ఎవరు? ఈ పిల్లాడెవరు?" అని వేలు పెట్టి అడుగుతూనే ఉంది. ముప్పావు గంట ప్యాకేజీలో ఈ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి తెస్తాం?

గైడ్ ఎవరు? ప్యాకేజీ ధరలో "గైడ్ సహా" అని ఉంటే ఒకమాట అడగండి: ఆయన బస్సులోనే మాట్లాడతారా, ప్యాలెస్ లోపలికి కూడా వస్తారా? చాలా బస్సుల్లో గైడ్ చెప్పేదంతా మైకులో, అదీ రోడ్డు మీద ఉండగానే. లోపల మనకు మనమే. ప్రవేశం దగ్గర గుర్తింపు కార్డు ఉన్న గైడ్లు ఉంటారు. తెలుగులో చెప్పేవాళ్ళు కావాలని అడిగితే నాకు మూడుసార్లూ దొరికారు. అందుకే నా సలహా, బండిని ఒక ఖర్చుగా, గైడ్‌ని వేరే ఖర్చుగా చూడండి. ఎందులో వెళ్ళినా ప్యాలెస్‌కు మాత్రం విడిగా గైడ్‌ని పెట్టుకోవచ్చు. రేటు, సమయం, ఏ ఏ భాగాలు చూపిస్తారో ముందే మాట్లాడుకోవాలి.

నడక, మెట్లు. ప్యాలెస్ లోపల చెప్పులు లేకుండా తిరగాలి. దర్బారు హాలుకు మెట్లెక్కాలి. ఎండాకాలం మధ్యాహ్నం బయటి రాతి నేల కాలుతుంది. పెద్దవాళ్ళకు బ్యాగులో ఒక జత సాక్సులు పెట్టండి.

సాయంత్రం ఎక్కడ? దీని గురించి ముందు ఎవరూ ఆలోచించరు, తర్వాత అందరూ బాధపడతారు. ప్యాలెస్ మీద దాదాపు 97,000 బల్బులు ఒక్కసారిగా వెలిగి ముప్పావు గంట ఉండేది ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు, దసరా రోజుల్లో, రాత్రి ఏడింటికి. బృందావన్ గార్డెన్స్‌లో రంగుల ఫౌంటెన్ చూపించేదీ ఇంచుమించు ఆ వేళకే, అదీ ఊరికి 20 కిలోమీటర్ల అవతల. రెండూ ఒకే సాయంత్రం కుదరవు. ప్యాకేజీలు ఎక్కువగా బృందావన్ వైపే పోతాయి. ఆదివారం వెళ్తూ ప్యాలెస్ దీపాలు చూడకుండా తిరిగి రావడం నాకు మాత్రం మనసొప్పదు.

## ఒక్కచూపులో

| పద్ధతి | ప్యాలెస్ లోపల సమయం | గైడ్ | పెద్దవాళ్ళకు | ఖర్చు తీరు |
|---|---|---|---|---|
| పర్యాటక సంస్థ ప్యాకేజీ బస్సు | గంట, అటూ ఇటూ | బస్సులో ఉంటారు | ఎక్కి దిగడం ఎక్కువ | మనిషికింత. టికెట్లు, భోజనం తరచుగా వేరు |
| ప్రైవేట్ ట్రావెల్స్ బస్సు | ముప్పావు గంట నుంచి గంట | డ్రైవరో, హెల్పరో చెప్పడమే ఎక్కువ | కష్టం | బుకింగ్‌లో తక్కువ, దారిలో పెరుగుతుంది |
| రైలు లేదా ఆర్టీసీ బస్సు, అక్కడ ఆటో | మన ఇష్టం | గేటు దగ్గర మాట్లాడుకోవాలి | నడవగలిగితే సరే | ఒకరిద్దరికి చాలా చవక |
| క్యాబ్ లేదా సొంత కారు | మన ఇష్టం | గేటు దగ్గర మాట్లాడుకోవాలి | అన్నిటికన్నా సుఖం | నలుగురైదుగురు పంచుకుంటే గిట్టుబాటు |

## పర్యాటక సంస్థ ప్యాకేజీ బస్సు

కర్ణాటక రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ బెంగళూరు నుంచి మైసూరుకు ఒక్కరోజు టూర్ నడుపుతుంది. తెల్లవారాక బయలుదేరి రాత్రి పొద్దుపోయాక తిరిగొస్తుంది. ఇంచుమించు అన్ని ప్యాకేజీల వరస ఒకటే: శ్రీరంగపట్నం, చాముండి కొండ, ప్యాలెస్, సెయింట్ ఫిలోమినా చర్చి, చివర్లో బృందావన్.

దీని మంచి గుణం, మనం ఏమీ ఆలోచించక్కర్లేదు. దారి, పార్కింగ్, ఏ గుడి ఎప్పుడు మూస్తారు అన్న టెన్షన్ ఉండదు. మనకు సెలవు దొరక్క అమ్మానాన్నలను ఇద్దరినే పంపాల్సి వస్తే నేను ఇదే చూస్తాను. తోటి ప్రయాణికుల్లో తెలుగువాళ్ళు తప్పకుండా ఉంటారు, మధ్యాహ్నానికల్లా ఊరూ పేరూ కలిసిపోతాయి.

లోటు కూడా అందులోనే ఉంది. ఆరేడు చోట్లు ఒక్కరోజులో సర్దాలంటే దేనికీ నిండుగా సమయం ఇవ్వలేరు. శ్రీరంగపట్నంలో రంగనాథస్వామి దర్శనం లైను పెరిగితే ఆ అరగంటను ప్యాలెస్‌లోనే కోస్తారు. బస్సు ఎక్కడం, దిగడం, తలలు లెక్కపెట్టడం, ఇంకా రాని ఇద్దరి కోసం ఆగడం, వీటికే రోజులో గంటన్నర పోతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నడక కన్నా ఈ ఎక్కి దిగడమే ఎక్కువ బాధ.

## ప్రైవేట్ ట్రావెల్స్ బస్సు

మొదటిసారి నేను వెళ్ళింది ఇందులోనే. టికెట్ తక్కువగా ఉందని అమ్మ, మేనత్త, నేను ముగ్గురం ఎక్కాం. మైసూరు చేరాక ప్యాలెస్‌కు వెళ్ళకముందే ఒక చీరల షోరూం దగ్గర ఆపారు. అక్కడ నలభై నిమిషాలు. ఆ తర్వాత ప్యాలెస్‌లో యాభై నిమిషాలు. బయటికొచ్చాక గంధపు సబ్బులు, అగరుబత్తీల కొట్టు దగ్గర మళ్ళీ అరగంట. మేనత్త పాపం దర్బారు హాలు మెట్ల దగ్గరే ఆగిపోయింది. "మీరు చూసిరండి, నాకోసం బస్సు ఆగదు కదా" అంది. ఆమె మళ్ళీ మైసూరు రాలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందరూ ఇలాగే చేస్తారని అనను. కానీ బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. ప్యాలెస్ దగ్గర ఎన్ని గంటలకు దించి ఎన్ని గంటలకు ఎక్కించుకుంటారు? షాపింగ్ స్టాపులు ఎన్ని? ప్రవేశ టికెట్లు కలిపేనా? రాత్రి ఎక్కడ దించుతారు? మొదటి ప్రశ్నకు గడియారం టైము చెప్పకుండా "అన్నీ చూపిస్తాం మేడమ్" అంటే వేరేది వెతుక్కోండి.

## రైలు లేదా ఆర్టీసీ బస్సు, అక్కడ ఆటో

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు, ఇద్దరు స్నేహితులకు, చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే. అయితే రైళ్ళ విషయంలో ఒక తిరకాసు ఉంది. పొద్దున చెన్నైలో బయలుదేరే పేరున్న వందే భారత్, శతాబ్ది మైసూరు చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. కాసేపటికే తిరుగు ప్రయాణం కడతాయి. ఒక్కరోజు యాత్రకు పనికిరావు. రాత్రంతా ప్రయాణించి తెల్లవారుజామున బెంగళూరు మీదుగా మైసూరు వెళ్ళే బండ్లను చూడండి. కాచిగూడ నుంచి కర్నూలు, అనంతపురం, హిందూపురం మీదుగా వచ్చే ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. రాయలసీమ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు బెంగళూరులో దిగి, మళ్ళీ బయలుదేరే శ్రమ లేకుండా నేరుగా మైసూరులోనే పొద్దున దిగొచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది రెండు ప్రయాణాలు చేస్తున్నారు.

రైలు కుదరకపోతే మైసూరు రోడ్డులోని శాటిలైట్ బస్టాండ్ నుంచి కర్ణాటక ఆర్టీసీ బస్సులు వెంట వెంటనే ఉంటాయి. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు ఉండేవాళ్ళకు ఒక జాగ్రత్త: ఆదివారం మెట్రో మామూలు రోజులకన్నా ఆలస్యంగా మొదలవుతుంది, దాన్ని నమ్ముకుని పొద్దున్నే రైలు బుక్ చేయకండి.

మైసూరు స్టేషన్ నుంచి ప్యాలెస్ రెండు కిలోమీటర్లు. ఇక్కడో మాట గుర్తొస్తుంది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1918 నుంచి 1921 దాకా మైసూరులో ఫిలాసఫీ ప్రొఫెసర్. ఆయన కలకత్తా వెళ్ళేరోజున విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే లాక్కుంటూ ఆయన్ని స్టేషన్‌కు తీసుకెళ్ళారు. నేను ఒంటరిగా వెళ్ళినప్పుడు ఆ స్టేషన్ బయట కాఫీ తాగుతూ ఆ దృశ్యాన్నే ఊహించుకున్నాను.

స్టేషన్ బయట ఆటోవాళ్ళు "మూడు గంటలు తిప్పుతాం, ఇంతే ఇవ్వండి" అని చాలా తక్కువ చెబితే ఒప్పుకోకండి. ఆ లోటు కొట్ల దగ్గర పూడ్చుకుంటారు. ప్యాలెస్‌కు ఒక ఆటో, అక్కడి పని అయ్యాక ఇంకో ఆటో, అలా ముక్కలుగా తీసుకోవడమే మేలు. చాముండి కొండకు సిటీ బస్సుంది, సిటీ బస్టాండ్ ప్యాలెస్ పక్కనే. తిరుగు ప్రయాణానికి సబర్బన్ బస్టాండ్ కూడా నడిచేంత దూరమే. ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలకు ఈ దగ్గరదనం పెద్ద ధైర్యం. దీపాలు చూశాక కూడా బస్సు కోసం చీకట్లో తిరగక్కర్లేదు.

## క్యాబ్ లేదా సొంత కారు

పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉంటే ఇక వేరే ఆలోచన వద్దు. 2023లో ఎక్స్‌ప్రెస్ వే మొదలయ్యాక బెంగళూరు దాటడమే ఆలస్యం, ఆ తర్వాత దారి సాఫీగా సాగుతుంది. బెంగళూరు దాటడానికి మాత్రం ఒక్కోసారి గంట పైనే పడుతుంది, కాబట్టి ఆరు లోపల బయలుదేరాలి. కార్లకు 100 కిలోమీటర్ల వేగం పరిమితి, దారి పొడవునా కెమెరాలు. బైకులు, ఆటోలను ఆ రోడ్డు మీదికి రానివ్వరు.

ఎక్స్‌ప్రెస్ వేతో పోగొట్టుకున్నది ఒకటుంది. అది రామనగర, చన్నపట్నం, మద్దూరు, మండ్య ఊళ్ళ పక్కనుంచి దాటుకుంటూ పోతుంది. పిల్లలకు చన్నపట్నం లక్క బొమ్మలు కొనాలన్నా, మద్దూరులో వేడి వడ తినాలన్నా సర్వీసు రోడ్డులోకి దిగాలని డ్రైవర్‌కు ముందే చెప్పండి. దాటాక వెనక్కి తిరగడం కుదరదు.

క్యాబ్ మాట్లాడేటప్పుడు రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు, డ్రైవర్ బత్తా ఎంత, టోల్, పార్కింగ్ ఎవరివి అన్నవి నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోండి. రాత్రి ఎన్నింటి తర్వాత బత్తా పెరుగుతుందో కూడా అడగాలి, ఎందుకంటే ఆదివారం దీపాలు చూసి ఇంటికి చేరేసరికి పదకొండవుతుంది.

డ్రైవర్ గైడ్ కాడు. దారి తెలిసినవాడు, అంతే. అందుకని "మా డ్రైవర్ అన్నీ చెబుతాడు" అన్న మాటతో గైడ్ ఖర్చు మిగుల్చుకోకండి. నలుగురైదుగురు కుటుంబానికి గైడ్ ఖర్చు పంచుకుంటే ఒక్కొక్కరికి టిఫిన్ ఖర్చంత కూడా పడదు.

## ప్యాలెస్ ఒక్కటేనా, ఇంకోటి చేర్చాలా?

మైసూరులో ప్యాలెస్‌లు చాలానే ఉన్నాయి. పెద్ద ప్యాలెస్‌కు తోడుగా ఒక్కటే చేర్చండి, రెండు వద్దు.

జగన్మోహన ప్యాలెస్ పెద్ద ప్యాలెస్‌కు దగ్గరే. మూడో కృష్ణరాజ ఒడెయరు 1861లో కట్టించింది. పాత ప్యాలెస్ కాలిపోయాక కొత్తది లేచేవరకు రాజకుటుంబం ఇక్కడే ఉంది. 1902లో నాలుగో కృష్ణరాజ ఒడెయరుకు అధికారం అప్పగించిన వేడుక కూడా ఇక్కడే జరిగింది. 1915 నుంచి చిత్రశాల. రవివర్మ చిత్రాలు, హల్దంకర్ గీసిన దీపం పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఇక్కడివే. బొమ్మలంటే ఇష్టమున్నవాళ్ళకు మరో ఆలోచన లేదు. మరమ్మతులేమైనా జరుగుతున్నాయేమో వెళ్ళేముందు కనుక్కోండి.

దరియా దౌలత్ శ్రీరంగపట్నంలో, బెంగళూరు దారిలోనే. టిప్పు సుల్తాన్ 1784లో కట్టించుకున్న వేసవి ప్యాలెస్. బయటినుంచి చూస్తే చిన్న చెక్క మేడలా ఉంటుంది, తెరలు ఎత్తగానే గోడ నిండా యుద్ధం. 1780లో పొళ్ళిలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ఓడించిన ఘట్టమంతా బొమ్మలుగా ఉంది. మైసూరు ప్యాలెస్‌లో కనిపించేది ఒడెయర్ల వైభవం. ఇక్కడ కనిపించేది అంతకు ముందటి కథ, 1799లో టిప్పు ఇదే ఊళ్ళో పోరాడి చనిపోవడంతో ముగిసిన కథ. ఈ రెండూ వరసగా చూస్తే మైసూరు ఎలా చేతులు మారిందో బుర్రకెక్కుతుంది. చరిత్ర చదివే పిల్లలుంటే నా ఓటు దీనికే. కారులో వెళ్ళేవాళ్ళకు ఇది దారిలో పడుతుంది, రైల్లో వెళ్ళేవాళ్ళకు వెనక్కి రావాల్సి ఉంటుంది.

లలిత మహల్ 1921లో వైస్రాయి బస కోసం కట్టించింది. తెల్లగా, పెద్ద గుమ్మటంతో, లండన్ సెయింట్ పాల్స్ చర్చి పోలికలో ఉంటుంది. చాలా ఏళ్ళుగా హోటల్. తీరికగా భోజనం చేసే ఉద్దేశం ఉంటేనే వెళ్ళండి.

ఇక చాముండి కొండ. మన పెద్దవాళ్ళు అమ్మవారిని చూడకుండా రారు, చూడకుండా రమ్మని అడగడం కూడా సరికాదు. అందుకే పొద్దున్నే మొదట కొండకు వెళ్ళండి. మధ్యాహ్నం గుడి కొంతసేపు మూస్తారు. వెయ్యి మెట్ల దారి సగం పైన పెద్ద నంది విగ్రహం ఉంది, 1660ల ప్రాంతంలో దొడ్డ దేవరాజ ఒడెయరు చెక్కించింది. అక్కడికి బండి కూడా వెళ్తుంది.

జూ విషయంలో పిల్లలతో ముందే మాట్లాడుకోండి. 1892 నాటి ఆ జూ చాలా బాగుంటుంది, కానీ సగం రోజు తినేస్తుంది. మంగళవారం సెలవు. అయిదారేళ్ళ పిల్లలుంటే జూ, ప్యాలెస్ ఈ రెండే పెట్టుకుని కొండను వదిలేయడం మంచిది.

## ఎవరికి ఏది

*మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు:* క్యాబ్. కొండ, ప్యాలెస్, దీపాలు, ఈ మూడే. మధ్యాహ్నం ఒక గంట ఎక్కడైనా నడుం వాల్చే చోటు చూసుకోండి. పగటిపూట కొన్ని గంటలకు గది ఇచ్చే హోటళ్ళు ఉన్నాయి, ఆ ఖర్చు వృథా కాదు.

*సెలవు లేక పెద్దవాళ్ళను ఒంటరిగా పంపేవాళ్ళు:* పర్యాటక సంస్థ బస్సు, అదీ వారం మధ్యలో. జనం సగానికి సగం తక్కువ ఉంటారు, ప్యాలెస్‌లో అదే గంట రెండు గంటలంత పనిచేస్తుంది. ఆ దీపాలు చూడటం కుదరదు, కానీ బృందావన్ ఉంటుంది. మా నాన్నకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఆ తోటను ఆనుకునే కావేరి మీద ఉన్న కృష్ణరాజసాగర్ ఆనకట్ట కట్టడంలో ముఖ్యుడైన విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది మన మార్కాపురం ప్రాంతపు మోక్షగుండం. ఇంటిపేరులోనే ఊరుంది. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌కు వరద రక్షణ ప్రణాళిక ఇచ్చిందీ ఆయనే. నాన్న ఆనకట్ట వైపు చూస్తూ "సిమెంటు లేకుండా ఇటుక పొడి, సున్నం కలిపిన సుర్కీతో కట్టారట" అని పక్కవాళ్ళందరికీ చెప్పాడు.

*ఇద్దరు ముగ్గురు స్నేహితులు, ఒంటరిగా వెళ్ళేవాళ్ళు:* రైలు లేదా బస్సు. ప్యాలెస్‌లో గైడ్‌తో రెండు గంటలు, జగన్మోహన, ఆ తర్వాత దేవరాజ మార్కెట్. ప్యాలెస్ వంటశాలలో మైసూర్ పాక్ మొదట చేసిన మాదప్ప వంశంవాళ్ళ మిఠాయి కొట్టు ఆ మార్కెట్ దగ్గరే ఉంది.

*విదేశాల నుంచి సెలవులకొచ్చిన పిల్లలు:* కారు. వెళ్ళేటప్పుడు దరియా దౌలత్, తర్వాత ప్యాలెస్. గైడ్‌ని ఇంగ్లిష్‌లోనే చెప్పమనండి. తాతయ్యలు వేరే, పిల్లలు వేరే గైడ్‌తో వెళ్ళినా తప్పులేదు. మేమలాగే చేశాం, బయటికొచ్చాక ఎవరేం విన్నారో ఒకరికొకరు చెప్పుకోవడంతోనే భోజనం అయిపోయింది.

*దసరాకు వెళ్దామనుకునేవాళ్ళు:* మొదటి ఏడు రోజుల్లో ఎప్పుడైనా సరే, చివరి రెండు మూడు రోజులు ఒక్కరోజు ప్రయాణంగా వద్దు. ఆయుధపూజ, విజయదశమి నాడు ప్యాలెస్ లోపలికి మామూలు సందర్శకులను మామూలుగా వదలరు, రోడ్లన్నీ జంబూ సవారీ అనే ఏనుగుల ఊరేగింపు కోసం మూసేస్తారు. "బంగారు సింహాసనం చూపిస్తాం" అని ఏ టూర్‌వాళ్ళైనా చెబితే, అది దసరా రోజుల్లోనే బయట పెడతారని గుర్తుంచుకోండి. ఏడాది పొడవునా చూడగలిగింది బంగారు అంబారీ. 750 కిలోల బరువు, అందులో 80 కిలోల దాకా బంగారం. విజయదశమి నాడు చాముండేశ్వరి అమ్మవారిని అందులోనే ఊరేగిస్తారు.

## ఆదివారం నేను వేసుకునే లెక్క

పొద్దున ఐదున్నరకు ఇంటి నుంచి. తొమ్మిదిన్నరకల్లా చాముండి కొండ, దర్శనం, నంది. పదకొండున్నరకు ప్యాలెస్ గేటు దగ్గర గైడ్, ఒంటిగంటన్నర వరకు లోపలే. భోజనం, విశ్రాంతి. నాలుగింటికి జగన్మోహన, ఐదున్నరకు మార్కెట్. ఆరున్నరకు తిరిగి ప్యాలెస్ ఆవరణ. పెద్దవాళ్ళను ముందుగా మైదానంలో కూర్చోబెట్టి, చున్నీయో దుప్పటో పరిచి చోటు పట్టుకోవాలి. ఏడింటికి దీపాలు.

మొన్న వెళ్ళినప్పుడు దీపాలు వెలిగిన క్షణాన మా అమ్మ ఫోన్ తీయలేదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ముప్పావు గంట తర్వాత దీపాలు ఆపేశారు. జనం తగ్గేదాకా అక్కడే కూర్చుని, ఎనిమిదిన్నరకు కారెక్కాం.